12×10 గది, 10 అడుగుల శ్లాబు: ఇంట్లో రికార్డింగ్ రూము ఎట్టా కుదుర్చుకోవాలి?

పెన్నాగట్టు (నెల్లూరు)
అందరికీ నమస్కారం. మేడ మీద గది ఒకటి రికార్డింగుకి కేటాయించాం. లోపలి కొలతలు: పొడవు 12 అడుగులు, వెడల్పు 10, శ్లాబు ఎత్తు కూడా 10. మూడు వైపులా 9 అంగుళాల ఇటుక గోడ, మెట్ల వైపు మాత్రం నాలుగున్నర. కింద విట్రిఫైడ్ టైల్స్. 10 అడుగుల గోడ ఒకదానికి సరిగ్గా మధ్యలో 4×4 చెక్క కిటికీ. దానికి ఎదురు గోడలో కుడి మూలకి తలుపు, ఆ గోడ పొడుగునా పైన 2 అడుగుల సజ్జ.

ఎక్కువగా గాత్రం, వాయిస్ ఓవర్. అప్పుడప్పుడు హార్మోనియం, మృదంగం. మిక్సింగ్ కూడా అక్కడే. 5 అంగుళాల స్పీకర్లు, స్కార్లెట్ 2ఐ2 మూడో తరం ఆడియో ఇంటర్‌ఫేసు, ఒక కండెన్సర్ మైకు ఉన్నాయి. చప్పట్లు కొడితే గది ఖంగుమంటుంది. రైలు కట్ట కూడా దగ్గరే. 1 అంగుళం ఫోము, అడుగు×అడుగు ముక్కలు 100 తెప్పించి నాలుగు గోడలకీ అంటిద్దామని ఆలోచన. సరిపోతాయా? రైలు మోత ఎంతవరకు తగ్గుద్ది?

కొత్తపట్నం_అల (ఒంగోలు)
ఆ ఫోము కొనబాకండి. మీరడిగినవి రెండు వేరే పనులు, ఒకే సరుకుతో రెండూ కావు. బయటి శబ్దాన్ని ఆపేది బరువు, సందులేని మూత. లోపలి మోతని పీల్చేది గాలి దూరే మందపాటి సరుకు. ఫోములో గాలి దూరుద్ది, రైలు మోతా దూరుద్ది.

1 అంగుళం ఫోము సుమారు 1000 హెర్ట్జ్ పైన మాత్రమే గట్టిగా పనిచేస్తుంది. 100 ముక్కలు అంటించాక ఖంగుమనడం పోతుంది, గది బాగుపడిందనిపిస్తుంది. 100 నుంచి 300 హెర్ట్జ్ మధ్య మోత మాత్రం చెక్కుచెదరదు. పైవి చచ్చి కిందివి మిగిలితే ప్రతి పాటా డబ్బాలో తలపెట్టి పాడినట్టు వస్తుంది. తర్వాత ఈక్యూ (ఏ హెర్ట్జ్ దగ్గరైనా శబ్దాన్ని పెంచి తగ్గించే సాధనం) పెట్టి తీద్దామంటే రాదు. ఆ మోత గొంతులో లేదు, గొంతు వెనకాల ఆలస్యంగా వస్తోంది.

మీ గదికున్న అసలు చిక్కు వెడల్పు, ఎత్తు ఒకటే కావడం. 30 డిగ్రీల వేడిలో ధ్వని వేగం సెకనుకు 349 మీటర్లు, అంటే 1145 అడుగులు. దాన్ని గది కొలతకి రెట్టింపుతో భాగించండి, ఎదురెదురు గోడల మధ్య నిలిచిపోయే మొదటి అల తేలుతుంది. 12 అడుగులకి 48 హెర్ట్జ్. 10 అడుగులకి 57. మీకు అడ్డంగా, నిలువుగా రెండూ 57 మీద పడుతున్నాయి, మళ్ళీ 114 మీద పడుతున్నాయి. స్పీకర్ల ఎదురుగా వెడల్పుకి నడిమధ్యన కూర్చుంటారు కదా, అక్కడ 57 దగ్గర గుంత (శబ్దం తగ్గిపోద్ది), 114 దగ్గర గుట్ట (పెరిగిపోద్ది). మగ గొంతు మంద్రంలో తిరిగే చోటు ఆ 114. ముందు దీని సంగతి చూడాలి, ఖంగు సంగతి దానంతటదే తేలుద్ది.

కావలి_కీబోర్డు (కావలి)
ఎవరో ఒకరు రాసేలోపే చెప్తున్నా: గుడ్ల అట్టలు వద్దు. మందం లేదు, బరువు లేదు, నిప్పురవ్వ పడితే గోడంతా అంటుకుంటుంది. చేపలకీ రొయ్యలకీ వాడే థర్మోకోల్ పెట్టెల పలకలు కూడా వద్దు. వాటిలో గాలి గదులు మూసుకుని ఉంటాయి, శబ్దం లోపలికి దూరే దారే లేదు.

ఉలి_చిత్రిక (సింగరాయకొండ)
ఫోము డబ్బు రాక్‌వూల్ (రాతి పీచు పలకలు) మీద పెట్టండి. చట్రం లెక్క ఇస్తున్నా, అట్టాగే కోయిస్తే చెక్క వృథా కాదు.

రాక్‌వూల్ పలక మామూలుగా 1000×600 మిల్లీమీటర్లు, 50 మందం. చాలామంది విదేశీ వీడియోలు చూసి 4×2 అడుగుల చట్రం చేయిస్తారు, పలక అందులో చాలక పైన ఖాళీ మిగులుద్ది. లోపలి కొలత సరిగ్గా 1000×600 ఉంచండి. రెండు పలకలు వరసగా పెడితే 100 మిల్లీమీటర్లు, అంటే 4 అంగుళాలు.

12 మిల్లీమీటర్ల బీడబ్ల్యూఆర్ (నీటికి తట్టుకునే) ప్లైవుడ్ 8×4 షీటు ఒకటి. షాపులోనే పొడుగునా నాలుగున్నర అంగుళాల పట్టీలుగా కోయించండి. రంపం తినేది పోగా 10 పట్టీలు వస్తాయి. ఒక్కో చట్రానికి 1024 మిల్లీమీటర్ల ముక్కలు రెండు, 600 ముక్కలు రెండు. ఒక పట్టీలో పొడుగు ముక్కలు రెండు దిగుతాయి, లేదా పొట్టివి నాలుగు. 9 పట్టీల్లో 6 చట్రాలు అయిపోతాయి. మిగిలిన పదో పట్టీని వెనక అడ్డబద్దలకి సన్నగా చీల్చుకోండి.

12 మందం ప్లైవుడ్డు అంచులోకి మర నేరుగా తోస్తే పొరలు విడిపోతాయి. ముందు 2.5 బిట్టుతో రంధ్రం, తర్వాత ఫెవికాల్, మర. లోపలి మూలల్లో ఎల్ క్లాంపులు నాలుగు. చట్రం వెనక దోమతెర జాలీ స్టేపుల్ చేస్తే పలక వెనక్కి జారదు. దాన్ని రేకుతోనో అట్టతోనో మూయబాకండి, వెనకనుంచి కూడా శబ్దం దూరాలి.

ముందు వైపు పల్చటి నాన్‌వోవెన్ గుడ్డ ఒక పొర, పీచు రాలకుండా. దాని మీద పైగుడ్డ. 44 అంగుళాల పన్నా అయితే ఒక్కోదానికి 1.4 మీటర్లు, ఆరింటికి 9 మీటర్లు తీసుకోండి. గుడ్డ నోటికి ఆనించి ఊదితే గాలి అవతలికి సులువుగా పోవాలి. ఖద్దరు, ముతక కాటను బాగుంటాయి. రెక్సిన్, కర్టెన్లకి వాడే రబ్బరు పూత గుడ్డ పనికిరావు. స్టేపుల్ కొట్టేటప్పుడు ముందు నాలుగు వైపులా నడిమధ్య ఒక్కో పిన్ను, ఆపైన మూలల వైపు లాగుతూ పోవాలి. ఒక మూల నుంచి మొదలుపెడితే నేత వంకర తిరిగి గోడ మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

పలకలు కోసేటప్పుడు మాస్కు, గ్లౌజులు, నిండు చేతుల చొక్కా. మేడ మీద ఆరుబయట కోయండి, ఫ్యాను కింద కాదు.

పెన్నాగట్టు
చాలా థ్యాంక్స్ అన్నా. డెన్సిటీ (ఘనపు మీటరుకి ఎన్ని కిలోలు) ఎంతది అడగాలి? నెల్లూర్లో దొరుకుద్దా, చెన్నై పోవాలా?

మైపాడు_గాలి (నెల్లూరు)
చెన్నై దాకా ఎందుకు. ఇక్కడ బాయిలరున్న రైసుమిల్లు లేని దిక్కుందా? వాటి ఆవిరి పైపులకి చుట్టేది రాక్‌వూలే. ఇన్సులేషన్ సరుకు అమ్మే షాపుల్లో ఉంటుంది, లేకపోతే తెప్పిస్తారు. అయితే అడగడంలో జాగ్రత్త. మిల్లులకి ఇచ్చేది ఇనప జాలీతో కుట్టిన పరుపు రకం, 100 డెన్సిటీ, ఇంకా పైన. మనకది కాదు. "రెసిన్ బాండెడ్ స్లాబు, 48 డెన్సిటీ, 50 మందం, రేకు లేనిది" అని అడగండి. అల్యూమినియం రేకు అంటించింది ఇస్తే పై స్థాయి శబ్దాలు తిరిగి గదిలోకే వస్తాయి. రేకుదే దొరికితే రేకు గోడ వైపు తిప్పండి.

చీరాల_తీగ
48 మరీ మెత్తన. 96 తీసుకోండి. ఎంత గట్టిదైతే బేస్ (మంద్ర శబ్దం) అంత ఆగుద్ది.

కొత్తపట్నం_అల
@చీరాల_తీగ ఆ మాట గోడ కట్టేటప్పుడు నిజం, పీల్చే సరుకుకి కాదు. అల పలకలోకి దూరి, పీచు సందుల్లో గాలి రాసుకుని వేడిగా మారితేనే పీల్చినట్టు. మరీ బిగువుగా ఉంటే దూరకుండా ముందు నుంచే వెనక్కి తిరుగుద్ది. 2 అంగుళాల పల్చటి పలక గోడకి ఆనించి పెట్టేదైతే 96తో కొంత లాభం ఉండొచ్చు. 4 అంగుళాలకి 48 నుంచి 64. మూలలో అడుగు మందం నింపేదైతే 32 గ్లాస్‌వూల్ కూడా చాలు. మందం పెరిగేకొద్దీ తేలిక సరుకు కావాలి.

డెన్సిటీ కన్నా లాభమిచ్చేది వెనక ఖాళీ. గోడ దగ్గర గాలి కదలదు, గోడ నుంచి అల పొడవులో నాలుగో వంతు దూరంలో బాగా కదులుద్ది. 114 హెర్ట్జ్ అల పొడవు 10 అడుగులు, నాలుగో వంతు రెండున్నర అడుగులు. అంత మందం ఎవరూ పెట్టలేరు గానీ, 4 అంగుళాల పలకని గోడకి 4 అంగుళాలు ఎడంగా నిలబెడితే పైసా ఖర్చు లేకుండా కొంత దారి కలిసొస్తుంది. మూలలో ఐమూలగా నిలబెడితే ఇంకా మేలు, వెనక అడుగు దాకా ఖాళీ దొరుకుద్ది.

చీరాల_తీగ
సరే, 64కి ఒప్పుకున్నా. అయితే పత్తి పరుపులేం తక్కువ? పాత పరుపులు ప్రతి ఇంట్లో ఉండాయి.

ఉలి_చిత్రిక
పీల్చడంలో పత్తి తక్కువేం కాదు. నిలబెడితే ఆరు నెలల్లో దూది కిందికి దిగి పైన ఉత్త గుడ్డ మిగులుద్ది. ఎలుకలు చేరతాయి. వైర్లున్న గదిలో నిప్పు భయం వేరే. పడుకోబెట్టి సజ్జ మీద వెయ్యండి, అక్కడ దిగదు.

కొత్తపట్నం_అల
సజ్జ మాట బాగా గుర్తు చేశారు. మిగిలిన రాక్‌వూల్ కట్టల్ని విప్పకుండా ప్లాస్టిక్ కవరుతో సహా సజ్జ మీద వెనక మూల దాకా నింపేయండి. పల్చటి కవరు బేస్‌ని ఆపదు. గోడ, శ్లాబు కలిసే మూల మొత్తం బేస్ ట్రాప్ (బేస్‌ని పీల్చేది) అయిపోద్ది, కార్పెంటరు పని లేకుండా. మూలలంటే నిలువుగా ఉండే నాలుగే అనుకుంటారు. గోడ శ్లాబుని కలిసేవి నాలుగు, నేలని కలిసేవి నాలుగు, మొత్తం 12 ఉంటాయి గదికి. తలుపు అడ్డం వచ్చి మీ వెనక కుడి మూల పోయింది, సజ్జ దానికి బదులు.

పెన్నాగట్టు
పలకలు ఎక్కడెక్కడ పెట్టాలి? బల్ల ఏ గోడకి వెయ్యాలి? పొడుగు గోడకి వేస్తే మనుషులు కూర్చోడానికి చోటు వస్తదని ఇంట్లో అంటున్నారు.

కావలి_కీబోర్డు
పొట్టి గోడకే. కిటికీ గోడ వైపు ముఖం. కిటికీ నడిమధ్యన ఉంది కాబట్టి ఎడమ కుడి సమానం, తలుపు వెనక్కి పోతుంది. పొడుగు గోడకి వేస్తే వెనక గోడ తలకి ఐదారడుగుల్లో వచ్చి పడుద్ది.

కూర్చునే చోటు: ముందు గోడ నుంచి గది పొడవులో 38 శాతం. 12 అడుగులకి 4 అడుగుల 7 అంగుళాలు, అక్కడ చెవులు ఉండాలి. ఇది మొదలుపెట్టే చోటే, శాసనం కాదు. కొలత తీసి అర అడుగు అటూ ఇటూ జరుపుకోండి. గదికి సరిగ్గా మధ్యన, అంటే 6 అడుగుల దగ్గర మాత్రం వద్దు, 48 హెర్ట్జ్ మాయమైపోద్ది.

స్పీకర్ల మధ్య 4 అడుగులు, పక్క గోడల నుంచి 3 అడుగుల చొప్పున. మీకూ స్పీకర్లకీ మధ్య కూడా 4 అడుగులు, మూడు భుజాలూ సమానం. ట్వీటరు (స్పీకర్లో పై శబ్దాలిచ్చే చిన్న భాగం) చెవి ఎత్తులో, నేల నుంచి 4 అడుగులు. వెనక్కి వీలైనంత గోడ దగ్గరికి, 3, 4 అంగుళాలు వదిలి. గోడకి దూరంగా లాగితే మంచిదనుకుంటారు గానీ చిన్న గదిలో అది తిరగబడుద్ది. కోను నుంచి గోడ దాకా దూరాన్ని నాలుగుతో హెచ్చించి 1145ని దాంతో భాగిస్తే, గోడకి తగిలి తిరిగొచ్చే అల ఎక్కడ కోత పెడుద్దో తెలుస్తుంది. 3 అడుగులైతే 95 హెర్ట్జ్ దగ్గర పెద్ద గుంత, దాన్ని పలకలు పూడ్చలేవు. మీకు వచ్చేట్టు, స్పీకరు లోతు కలిపి 14 అంగుళాలైతే 245 దగ్గర, దాన్ని స్పీకరు వెనక 4 అంగుళాల పలక చూసుకుంటుంది.

కొత్తపట్నం_అల
పలకల చోట్లు. కుర్చీలో మీరు కూర్చోండి, ఇంకొకరు పక్క గోడ వెంట అద్దం జరుపుతూ నడవాలి. ఏ చోట అద్దంలో స్పీకరు కనిపిస్తే అక్కడ పెన్సిల్ గీత. రెండు స్పీకర్లకీ చూడండి, ఎడమ గోడ మీద రెండు గీతలు, కుడి మీద రెండు పడతాయి. అక్కడ రెండేసి పలకలు, చెవి ఎత్తు మధ్యకి వచ్చేలా. శ్లాబు మీద కూడా ఇదే, మీ తలకీ స్పీకర్లకీ నడుమ రెండు. ఆరు చట్రాలూ అయిపోయాయి.

ముందు మూలలు రెండూ నేల నుంచి శ్లాబు దాకా ఐమూలగా. నిలువునా మూడు పలకలు, రెండు పొరలు, మూలకి 6. వెనక ఎడమ మూల కూడా అంతే. వెనక గోడ నడుమ మూడు పలకలు, ఇవి మూడు పొరలు, 6 అంగుళాల మందం. రాక్‌వూల్ లెక్క: చట్రాలకి 12, మూలలకి 18, వెనక గోడకి 9, కలిపి 39. 40 తెప్పించండి. సజ్జకి, స్పీకర్ల వెనక్కి వేరే.

సాబైన్_శిష్యుడు (మార్కాపురం)
లెక్క సరిచూద్దాం. 1895లో హార్వర్డ్‌లో వాలెస్ సాబైన్ ఒక లెక్చరు హాలు మోత తగ్గించే పనికి దిగి, పక్క థియేటరు నుంచి సీట్ల మెత్తలు మోయించి ఒక్కొక్కటే పరుస్తూ కొలిచి తేల్చిన సూత్రమిది: గది ఘనపరిమాణాన్ని 0.161తో హెచ్చించి, మొత్తం పీల్చే విస్తీర్ణంతో భాగిస్తే మోత ఎన్ని సెకన్లు నిలుస్తుందో వస్తుంది, మీటర్లలో. మీ గది 34 ఘనపు మీటర్లు. ఖాళీగా ఉన్నప్పుడు పీల్చేది 2, 3 చదరపు మీటర్లకి మించదు, అంటే 2 సెకన్ల చుట్టుపక్కల మోత. 39 పలకలు పొరలుగా పెట్టాక ముందుకి కనిపించేవి 18, అంటే 10.8 చదరపు మీటర్లు. గదిదీ కలిపితే 13. మోత 0.42 సెకను. సజ్జ నిండి, నేల మీద కార్పెట్, ఇద్దరు మనుషులు ఉంటే 0.35. గాత్రానికి 0.3 దగ్గర ఉంటే హాయి. వెనక గోడ మీద ఇంకో రెండు పెట్టండి.

కొత్తపట్నం_అల
లెక్క సరే గానీ, ఇంత చిన్న గదిలో 200 హెర్ట్జ్ కింద ఆ సూత్రాన్ని నమ్మకండి. శబ్దం గదంతా సమానంగా పరుచుకుందని అది అనుకుంటుంది. మనకి కింద ఉండేవి విడివిడి అలలు, ఒక్కోటి ఒక్కో వేగంతో ఆరిపోతాయి. అక్కడ కొలతే దిక్కు.

గది కొలిచే సాఫ్ట్‌వేర్ రూమ్ ఈక్యూ విజర్డ్ ఉచితం. కొలిచే మైకు యూమిక్-1 అయితే యూఎస్‌బీకి పెట్టి దాని క్యాలిబ్రేషన్ ఫైలు ఎక్కించడమే. ఈసీఎం8000 అయితే స్కార్లెట్‌కి తగిలించి 48 వోల్టులు ఇవ్వాలి. పాటలు పాడే కార్డియాయిడ్ (ముందు వైపే బాగా వినే) మైకుతో కొలవబాకండి, బేస్ తప్పుగా చూపిస్తుంది. మైకు మీ తల ఉండే చోట, మీరు కుర్చీలో లేకుండా. ఫ్యాను, ఏసీ ఆపి 75 నుంచి 80 డెసిబెల్ మధ్య స్వీప్ (కింది నుంచి పైకి జారుతూ పోయే శబ్దం) ఇవ్వండి. ఎడమ ఒకసారి, కుడి ఒకసారి. రెండూ కలిపి తర్వాత.

గ్రాఫులో స్మూతింగ్ (గీతని నున్నగా చేసేది) తీసేసి 20 నుంచి 300 హెర్ట్జ్ చూడండి. వాటర్‌ఫాల్ (ఏ హెర్ట్జ్ మోత ఎంతసేపు నిలుస్తుందో చూపే) బొమ్మలో 48, 57, 114 దగ్గర తోకలు ముందుకి సాగి ఉంటాయి. ట్రీట్‌మెంట్ పనిచేస్తే ముందు ఆ తోకలు పొట్టివవుతాయి, గుట్టల ఎత్తు తర్వాత దిగుద్ది. గుట్ట మిగిలితే ఈక్యూతో 3, 4 డెసిబెల్ తగ్గించుకోవచ్చు. గుంతని మాత్రం ఈక్యూతో పూడ్చాలని చూడబాకండి. ఎంత పోస్తే అంత రద్దవుద్ది, స్పీకరు ఆయాసపడుద్ది. ఒక్క పలక కూడా పెట్టకముందే కొలత తీసి దాచుకోండి.

పెన్నాగట్టు
ఇక రైలు సంగతి చెప్పండి. ధనుర్మాసంలో తెల్లవారుజామున గుడి మైకు ఎటూ తప్పదు, అప్పుడు రికార్డింగ్ పెట్టుకోం.

ఉలి_చిత్రిక
తప్పు మీ గోడది కాదు, తప్పంతా తలుపూ కిటికీలది. 7×3 తలుపు కింద అర అంగుళం సందు ఉందనుకోండి, అది తలుపు విస్తీర్ణంలో 0.6 శాతం. ఆ సందొక్కటే మొత్తం తలుపుని 22 డెసిబెల్ కన్నా ఎక్కువ శబ్దం ఆపనివ్వదు, తలుపు ఎంత బరువైనదైనా సరే. కాబట్టి ముందు సందు, తర్వాత బరువు. చట్రం చుట్టూ రబ్బరు గాస్కెట్టు, కింద తలుపు మూస్తే దిగే డ్రాప్ సీలు. అప్పుడు ఫ్లష్ డోరుకి లోపలి వైపు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఇంకో పొర. బరువు పెరుగుద్ది, బందులు మూడు చాలవు, నాలుగోది వేయించండి.

కిటికీకి మూత చేయండి. 18 మందం ప్లైవుడ్ రెండు పొరలు అంటించి, కిటికీ గూడులో ఇమిడేలా, చుట్టూ 10 మిల్లీమీటర్ల గాస్కెట్టు నొక్కుకునేలా. 4×4కి 35 కిలోల దాకా తూగుద్ది, ఒకే ముక్కగా చేస్తే ఎత్తలేరు. రెండు సగాలు చేసి, నడుమ ఒకదాని మీద ఒకటి ఎక్కేలా మెట్టు పెట్టండి. మూతకీ కిటికీ రెక్కలకీ నడుమ 50 రాక్‌వూల్. ఎండీఎఫ్ (చెక్క పీచుతో చేసిన పలక) వద్దు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకి కిటికీ దగ్గర ఉబ్బిపోద్ది. ఏసీ పైపు కోసం గోడకి కొట్టిన రంధ్రం కూడా చూసుకోండి. అందరూ మర్చిపోయేది అదే.

మైపాడు_గాలి
ఇవన్నీ చేసినా రైలు కూత తగ్గుద్ది, హారన్లు తగ్గుతాయి. పట్టాల అదురు నేలలోంచి గోడలకెక్కి వచ్చేది మాత్రం తగ్గదు. దాన్ని ఆపాలంటే గదిలో గది కట్టాలి, మేడ మీద ఆ బరువు పెట్టాలంటే ఇంజినీరుకి శ్లాబు చూపించాల్సిందే. గాత్రానికి అవసరం లేదు. 80 హెర్ట్జ్ దగ్గర హైపాస్ (అంతకన్నా కింది శబ్దాన్ని కోసేది) పెడితే అదురు చాలావరకు పోతుంది. మైకు స్టాండు కాళ్ళ కింద మందపాటి రబ్బరు, మైకుకి షాక్ మౌంటు. గూడ్సు బండి వచ్చినప్పుడు ఆగి టీ తాగండి.

చీరాల_తీగ
కండెన్సర్ బదులు డైనమిక్ మైకు వాడితే గది మోత పట్టదు గదా. ఎస్ఎం7బి తీసుకోమనండి.

తంబూర (కందుకూరు)
డైనమిక్ మైకుకి గదిని వదిలేసే విద్యేం లేదు. దాన్ని నోటికి రెండంగుళాల్లో పెట్టి వాడతారు, కండెన్సర్‌ని ఏడెనిమిది అంగుళాల్లో. తేడా అంతా ఆ దూరంలో ఉంది. పైగా ఎస్ఎం7బికి కనీసం 60 డెసిబెల్ గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచడం) కావాలని తయారీదారే చెప్తాడు, మూడో తరం 2ఐ2 ఇచ్చేది 56. మెల్లగా మాట్లాడే వాయిస్ ఓవర్‌కి చాలదు, మధ్యలో బూస్టరు కొనాలి. ఎస్ఎం58 అయితే అంతకన్నా సులువు. ఉన్న కండెన్సర్‌తోనే మొదలుపెట్టమని నా మాట.

మైకు ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పలేదు. మైకు వెనక అర్ధచంద్రాకారం ఫోము బిగిస్తుంటారు. కార్డియాయిడ్ మైకు వెనక వైపు ఎటూ వినదు. అది వినేది పాడేవాళ్ళ వైపు, వాళ్ళ వీపు వెనకున్న గోడని. కాబట్టి పలకలు పాడేవాళ్ళ వెనక ఉండాలి. స్టాండు మీద నిలబడే రెండు పలకలు చేయించి, వీపు వెనక రెండడుగుల్లో వి ఆకారంలో తెరిచి పెట్టండి. గది నడుమ నిలబడబాకండి, మూలలోనూ వద్దు. వెనక గోడ పలకలకి మూడడుగుల ముందు, కొంచెం పక్కకి. నోటికీ మైకుకీ జానెడు, మధ్యలో పాప్ ఫిల్టరు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, గట్టిగా పాడినప్పుడు మైనస్ 10 డెసిబెల్ దగ్గర ఆగేలా గెయిన్.

హెడ్‌ఫోన్లో గొంతు ఆలస్యంగా వస్తే పాడేవాళ్ళు తడబడతారు. సాఫ్ట్‌వేర్‌లో బఫరు 128 శాంపిళ్ళు పెడితే ఒక వైపు 2.7 మిల్లీసెకన్లు, రానూపోనూ కన్వర్టర్లూ కలిపి ఇంకా పెరుగుద్ది. గొంతుకి ఇంటర్‌ఫేసులోని డైరెక్ట్ మానిటర్ బటనే మేలు.

మృదంగానికి కార్పెట్ మీద 3×3 ప్లైవుడ్ ముక్క వేసి దాని మీద కూర్చోబెట్టండి. పూర్తిగా మెత్తటి నేల మీద వలంతల (కుడి) వైపు నాదం చప్పబడుద్ది.

ఎర్త్‌వైరు (కనిగిరి)
కరెంటు గురించి రెండు ముక్కలు. స్పీకర్లలో బుయ్యిమంటుంటే లాప్‌టాప్ చార్జరు పీకి చూడండి. ఆగిపోతే అది ఎర్త్ లూపు (పరికరాల ఎర్త్ రెండు దారుల్లో కలవడం). మూడో పిన్ను విరిచేయమని సలహా ఇచ్చేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, ప్రాణాల మీదికి వచ్చే సలహా అది. ఇంటర్‌ఫేసు, స్పీకర్లు, లాప్‌టాప్ మూడూ ఒకే బోర్డులోంచి తీసుకోండి, స్పీకర్లకి టీఆర్ఎస్ బ్యాలెన్స్‌డ్ (బయటి గరగర ఎక్కని) కేబుళ్ళు వేయండి. నూటికి తొంభై ఇక్కడే తీరుద్ది.

తీరకపోతే ఎలక్ట్రీషియన్‌తో కొలిపించండి. ఫేజుకీ న్యూట్రల్‌కీ ఎంత ఉందో ఫేజుకీ ఎర్త్‌కీ దాదాపు అంతే ఉండాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య 2, 3 వోల్టులు దాటకూడదు. దాటితే ఎర్త్ గుంత చూడాలి. రోహిణి కార్తెలో నేల ఎండిపోయి ఎర్త్ పట్టు తప్పుద్ది, అప్పుడు నీళ్ళు పోయించాలి.

ఫ్యాను రెగ్యులేటరు గుండ్రంగా ఎంతైనా తిరిగే రకమైతే మార్చి, మెట్లు మెట్లుగా తిరిగే కెపాసిటర్ రకం పెట్టండి. మొదటిది తీగల్లోకి గరగర పంపుద్ది. ఇన్వర్టరు స్క్వేర్ వేవ్ అయితే కరెంటు పోయినప్పుడు రికార్డింగ్ వద్దు.

పెన్నాగట్టు
అందరికీ ధన్యవాదాలు. ఇంకొక్కటి. సందులన్నీ మూసేస్తే మే నెలలో లోపల ఉండేదెట్టా? వానాకాలం గోడకి చెమ్మ వస్తది, పలకలు బూజు పట్టవా?

మైపాడు_గాలి
ఇన్వర్టరు ఏసీ పెట్టి అరగంట ముందు 22కి చల్లబరచండి, టేకు తీసేటప్పుడు ఆపండి, టేకుల మధ్య వేయండి. ఏసీ బయటి గాలి తేదు, అదే గాలిని తిప్పుద్ది. గంటకోసారి పది నిమిషాలు తలుపు బార్లా తీయాలి, లేకపోతే తలనొప్పి, పాడేవాళ్ళకి ఆవలింతలు.

ఉలి_చిత్రిక
రాక్‌వూల్ తనంతట తాను బూజు పట్టదు. పట్టేది గుడ్డకీ, దాని మీద చేరిన దుమ్ముకీ. గోడకి 4 అంగుళాల ఎడం వదలమన్నది ధ్వని కోసమే కాదు, వెనక గాలి ఆడుద్ది. చెమ్మ గోడకి ముందు ఆ చెమ్మ మాన్పించండి, పలక పెట్టి దాచబాకండి. మూల ట్రాపులు నేలకి ఆనించకుండా రెండంగుళాల కాళ్ళ మీద నిలబెడితే తుడిచే నీళ్ళు తగలవు, చెద వస్తే కంటికి కనపడుద్ది. మైకుని వాడనప్పుడు సిలికా జెల్ పొట్లాలతో మూతబిగి డబ్బాలో ఉంచండి.

శ్లాబుకి వేలాడే రెండు పలకల సంగతి. ఒక్కోటి 6 కిలోల దాకా ఉంటుంది, తల మీద ఉంటుంది. ప్లాస్టిక్ ప్లగ్గుల్ని నమ్మబాకండి. ఇనప యాంకర్ ఫాస్టనర్లు, ఒక్కో పలకకి నాలుగు, కొక్కేలకి తీగ, 4 అంగుళాలు కిందికి. శ్లాబులో కరెంటు పైపులు ఫ్యాను పెట్టె నుంచి ఎటు పోతున్నాయో చూసుకుని రంధ్రం వెయ్యండి. వాటి మీద పడితే గది మొత్తం వైరింగ్ మళ్ళీ లాగాల్సొస్తుంది.

పెన్నాగట్టు
ఫోము వద్దని చెప్పేశాం. 48 డెన్సిటీ 60 పలకలకి మాట్లాడుతున్నాం, సజ్జకీ స్పీకర్ల వెనక్కీ పాడేవాళ్ళ వెనక్కీ కలిపి. కొలిచే మైకు రాగానే ఖాళీ గది గ్రాఫు ఇక్కడ పెడతా.

కొత్తపట్నం_అల
గ్రాఫుతో పాటు విజర్డ్ దాచే ఎమ్‌డ్యాట్ ఫైలు కూడా పెట్టండి, బొమ్మలో తోకల పొడవు సరిగ్గా కొలవలేం.